వెనక గోడ నీలం

మా ఇంటి ముందు గోడకి మమ్మల్ని అడక్కుండా రంగు మార్చీసేరు. నీలం గోడని క్రీం చేసేరు. గోడ అడుగున జానెడు ఎత్తున ఉన్న ఎర్ర జాజు పట్టీ మీద ముదురు గోధుమరంగు పూసేరు. మేం ఇంట్లో లేని పూట చూసుకుని ఈ పని చేసేరు. నా భార్యని ఆస్పత్రిలో చూపించడానికి తీసుకెళ్ళిన పూట అది.

ముందు ఈ ముక్క రాసీసి తరవాత మిగతాది చెబుతాను. ఎందుకంటే ఈ ఆరు నెలల్లో నేను ఎవరి దగ్గర నోరు తెరిచినా, సగం వినకుండానే "పోనీలెండి, రంగే కదా" అన్నారు. రంగే. కాదన్నానా?

ఆ మధ్యాహ్నం ఆటోలో తిరిగొచ్చేం. ఆటో ఇంటి ముందు ఆగింది. నేను దిగి చెయ్యి అందించేను. ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు. గోడ వంక చూసింది, నా వంక చూసింది, కొంగు భుజం చుట్టూ లాక్కుని సీటులో ఇంకా లోపలికి జరిగింది.

"ఇది మనిల్లు కాదు బాబూ," అంది.

నన్ను బాబూ అంది. పెళ్ళయిన రోజు నించీ ఆవిడ నన్ను మావా అనే పిలిచేది. మేనత్త కూతురు, నాకంటే అయిదేళ్ళు చిన్న. రెండేళ్ళ కిందట మరుపు మొదలైంది. ముందు స్టవ్ మీద పాలు మర్చిపోయింది, తరవాత కూతురి పేరు, తరవాత నేనెవరన్నదీ. ఇప్పుడు నేను ఆవిడకి బజార్లో దారి చెప్పే పెద్దమనిషి లాంటివాణ్ణి. బాబూ అంటుంది, మర్యాదగానే అంటుంది. కానీ ఇల్లు మాత్రం మరవలేదు. సందు చివర కూరగాయల బండి దాకా పోయి, రెండు వంకాయలో కట్ట తోటకూరో పట్టుకుని, ఎవరి సాయం లేకుండా వచ్చీసేది. నీలం గోడ, కింద ఎర్ర పట్టీ. అంతే ఆవిడ చిరునామా.

ఆటో అతను పవర్ హౌస్ సెంటరు స్టాండువాడు, మంచివాడే. "దాదీ, ఉతరియే," దిగండమ్మా అని మెల్లగా అన్నాడు. ఆవిడ అతనితో తన హిందీలో చెప్పింది, ఇది వేరేవాళ్ళ ఇల్లనీ, ఈ పెద్దాయనెవరో తనని అక్కడ దిగమంటున్నాడనీ. అతను నావంక చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ముసలావిణ్ణి ఎక్కడికో తోలుకుపోతున్న దొంగని చూసినట్టు చూసేడు. నా ఇంటి ముందు, నా తాళం చెవి నా చేతిలో పెట్టుకుని, ఇది నా ఇల్లేనని ఆటో అతనికి నేను రుజువు చేసుకోవలసి వచ్చింది.

అప్పుడు తోచింది. ఆటోని వెనక సందులోకి తిప్పమన్నాను. వెనక గోడ ఇంకా నీలంగానే ఉంది. కాంట్రాక్టు మేస్త్రీ రోడ్డుకి కనపడే మేరకే పూసి పోయేడు. ఆటో ఆగీ ఆగకముందే ఆవిడ తనంతట తాను దిగి, "వొచ్చీసేం," అని, వంటింటి తలుపు ముందు చెప్పులు విప్పింది. ఆరు నెలలయి మేం మా ఇంట్లోకి వంటింటి దారినే వెళ్తున్నాం.

ఆ సాయంత్రం ముందు గోడ దగ్గిర నించుని ఆ పని చూసేను. నేను రంగులవాణ్ణి, ముప్ఫయ్యేళ్ళకి పైగా అదే చేసేను, కాబట్టి చూసేను. గోకలేదు. ఉప్పుకాగితం పెట్టలేదు. మట్టి దులపలేదు. బల్లి గుడ్ల మీంచి బ్రష్షు లాగీసేరు. గడప మీద ఆవిడ వేసిన ముగ్గు మీద చుక్కలు చుక్కలుగా కారి ఉంది. ఇక ఆ రంగు. దానికి డబ్బా మీద ఏదో ఏనుగుదంతం పేరు పెట్టేరు. దంతమేటి, జొరం వచ్చినవాడి నాలిక మీద పేరుకునే పాచి రంగు అది. పాలు విరిగేక పైన మిగిలే నీళ్ళ రంగు. కాలనీ ఈ చివర్నించి ఆ చివరకి అదే పూసుకుపోయేరు.

నియమం అంటే నాకు పడదని కొందరు అనుకుంటున్నారు. వాళ్ళకి నేనెవరో తెలీదు. విజయనగరం పక్క పల్లె నించి ఈ ఛత్తీస్‌గఢ్ ఊరు వచ్చినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ఇక్కడి ఉక్కు కార్ఖానాలో గొట్టాలకి రంగులేసే గేంగులో చేరేను. గాలి గొట్టానికి ఆకాశం నీలం. నీటికి ఆకుపచ్చ. గ్యాసుకి పసుపు. ఆవిరికి వెండిరంగు. మా ఫోర్‌మన్ ఒక బెంగాలీ పెద్దాయన, మాట తక్కువ. మొదటి వారంలోనే అడిగేను, గొట్టం మీద పేరు ఎలాగూ రాస్తున్నాం కదా, మళ్ళీ ఈ రంగుల గోలెందుకని. ఆయన బీడీ తీసి, పక్కన పెట్టి చెప్పేడు:

"నీకు చదవడం వచ్చా?"

"రాదు సాబ్."

"రేపు గ్యాస్ లీకైతే నువ్వు చావాలా మరి? పేరు చదువొచ్చినోడికి. రంగు అందరికీ."

అప్పటినించి నేను రంగుల నియమం తప్పింది లేదు. పసుపులో చుక్క ఎరుపు కలిసినా డబ్బా పక్కన పెట్టించేవాణ్ణి. గొట్టాల మీద పేర్లు రేకు అచ్చు పెట్టి రాసేవాళ్ళం. ఆ అచ్చుల్లోనే నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను, హిందీ అక్షరాలు కూడా. తెలుగు మాత్రం ఊరినించి వచ్చే పాత పేపర్లలో, పప్పు పొట్లాల్లో నేర్చుకున్నాను. అందుకే నా దస్తూరీ ఇప్పటికీ గొట్టం మీద రాసినట్టు ఉంటుందని నా కూతురు వెక్కిరిస్తుంది. ఏ బడికీ పోలేదు. కానీ ఒక మనిషి పెట్టిన నియమానికి వెనక కారణం ఉందో లేదో నాకు అడగడం వచ్చు.

ఒకేలాగున్న ఇళ్ళంటే ఏమిటో కూడా నాకు బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తల్లో సెక్టర్ రెండులో మాకు క్వార్టరు వచ్చింది. వరసకి పన్నెండు, అన్నీ ఒక్కలాగే. పొద్దుటి షిఫ్టు దిగి, ఎండలో కళ్ళు మూసుకుపోతూ వచ్చి, తలుపు తోసి, చెప్పులు విప్పి, మంచం మీద కూలబడి "మంచినీళ్ళు" అన్నాను. ఎవరో తెచ్చి ఇచ్చేరు. తాగేక తలెత్తితే ఒక కేరళావిడ, చేతిలో పప్పు గరిటె. ఇంకో గ్లాసు కావాలా అని చేత్తో అడిగింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి పరిగెత్తేను. మా ఆవిడ వారం రోజులు నవ్వింది. "ఏటి మావా, పప్పు ఎలాగుంది?" అని అడిగేది.

మర్నాడే మా గుమ్మానికి పాత నీలం చీర ముక్క కట్టింది. గోడకి మనం రంగేయకూడదు, క్వార్టరు మనది కాదు, ఆ సంగతి ఒప్పుకున్నదే. "మనకంటూ ఇల్లుంటే రంగు మాత్రం నేను చెప్పిందే," అంది.

రిటైరయ్యేక పవర్ హౌస్ నించి నందిని వెళ్ళే దారిలో ఈ కాలనీలో జాగా తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. నాలాంటివాళ్ళందరం కలిసి వేసుకున్న కాలనీ. రోడ్లు గీత గీసినట్టు, ఇళ్ళు అచ్చు గుద్దినట్టు. ఇటుకలు మోయడానికి నందిని వైపు పల్లె నించి ఒకావిడ వచ్చేది. వాళ్ళ ఊళ్ళో సున్నంలో నీలం కలిపి గోడలకి వేస్తారు. మా ఆవిడ ఆవిడతో వాళ్ళ ఊరు పోయి చూసొచ్చింది. వచ్చి, గోడ ఆ నీలం, అడుగున మాత్రం మన ఊళ్ళోలాగ జాజు, అని తేల్చీసింది. నేను రంగులవాణ్ణయ్యుండి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి, మోచేతుల దాకా నీలం చేసుకుని, బట్టముక్కల్తో మొదటి పూత వేసేరు. తరవాత సున్నం పోయి పెయింటొచ్చింది, కానీ నేను ఆ నీలమే కలిపేను. మూడేళ్ళకోసారి నా చేత్తో నేనే వేసేను. జాజు పట్టీ మాత్రం ప్రతి పండక్కీ ఆవిడే దిద్దేది. పోయిన పండక్కి కూడా దిద్దింది. చెయ్యి మరవలేదు.

కిందటేడు కాలనీలో కొత్త కమిటీ వచ్చింది. కార్యదర్శి నాతో గేంగులో పనిచేసినవాడి కొడుకే. చిన్నప్పుడు మా ఇంట్లో అట్లు తిన్నవాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు మాట్లాడుతూ మధ్యలో హిందీలోకి జారిపోతాడు. వాడు మీటింగులో రంగుల కార్డు ఒకటి పైకెత్తి చూపించి, ఇక నించి కాలనీ అంతా ఒకటే రంగు అన్నాడు. అన్ని మంచి కాలనీలూ అలాగే ఉన్నాయట. చూసేవాడికి క్లాసుగా ఉంటుందట.

నేను లేచి ఒకటే అడిగేను, ఆ రంగు ఎవరికి ఏం చెబుతుందని. గొట్టాల సంగతి చెప్పేను. అయిదు నిమిషాలు ఓపిగ్గా విన్నారు. వెనక వరసలోంచి ఒకడు, "తాతగారూ, మా ఇళ్ళలోంచి గ్యాసేటైనా లీకవుతోందా ఏటి?" అన్నాడు. అందరూ నవ్వేరు. ఆ నవ్విన వాళ్ళలో సగం మంది ఆ గొట్టాల కిందే ముప్ఫయ్యేళ్ళు నడిచి, ఆ రంగులు చూసుకునే ప్రాణాలతో ఇంటికొచ్చినవాళ్ళు. తరవాత చేతులెత్తమన్నారు. ఎత్తేరు. నేను ఎత్తలేదు. అది రాసుకున్నారో లేదో నాకు తెలీదు.

నోటీసు ఇచ్చేం అంటారు. నిజమే, ఇచ్చేరు. మొదటి విడత రోడ్డు వైపు గోడలు, రెండో విడత పక్క గోడలూ వెనక గోడలూ, అని ఉంది అందులో. నాది నేను చూసుకుంటాను, నా ఇంటి మీద చెయ్యి వెయ్యొద్దని అదే రోజు రాసిచ్చేను. జవాబుగా మేం ఆస్పత్రికి పోయిన రోజు బకెట్లు తెచ్చేరు.

తరవాత పది రోజులు నేను ఆవిణ్ణి ఒంటరిగా పంపలేదు. పదకొండో రోజు నేను స్నానం చేస్తూంటే ముందు తలుపు తీసుకుని కూరగాయల బండికి పోయింది. తిరిగొస్తూ నీలం ఇల్లు వెతుక్కుంది. మా నించి నాలుగో ఇంట్లోకి వెళ్ళింది. వాళ్ళ వరండాలో కూచుని వంకాయలు ఒళ్ళో పోసుకుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అయినా ఆ ఇంటి కోడలు ఆవిడ ముందే ఫోను తీసి, నవ్వుతూ ఎవరికో చూపించిందని తరవాత తెలిసింది. అక్కడ్నించి కూడా లేచి, కాలనీ గేటు దాకా నడిచింది. నేను తడి తలతో పరిగెత్తి వెళ్ళేసరికి గేటు దగ్గర కాపలా అతని స్టూలు మీద కూచుని ఉంది. అతను పక్కన నేల మీద గొంతుక్కూచుని, ఆవిడ అడిగిందానికి నాలుగోసారో అయిదోసారో అదే జవాబు చెబుతున్నాడు, ఛత్తీస్‌గఢీలో, విసుక్కోకుండా:

"నీలా ఘర్ తో నఇ హే, దాయీ."

నీలం ఇల్లు లేదమ్మా, అని. అతను అబద్ధం చెప్పలేదు. కాలనీలో నిజంగానే నీలం ఇల్లు లేదు.

ఆవిడ కాళ్ళకి చెప్పులు లేవు. ఎండాకాలం తారు రోడ్డు. నేను ఆవిణ్ణి వెనక సందునించి తీసుకొచ్చేను. నీలం గోడ కనపడగానే నా చెయ్యి వదిలీసి, "ఉండు బాబూ, కాసిన్ని నీళ్ళు తాగి పోదువు గాని," అని నన్ను లోపలికి పిలిచింది. నా ఇంట్లో నేను చుట్టాన్ని. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లుందావిడకి, అది చాలనిపించింది.

అయితే రెండో విడత ఉంది కదా. ఆ వెనక గోడ కూడా క్రీం అయిన రోజు ఆవిడకి ఈ భూమ్మీద ఇల్లుండదు. నా భయమంతా ఒక్కటే, అదే. మిగతా పరువూ, పట్టుదలా, అడక్కుండా పూసేరన్న కోపమూ, అవన్నీ నేను దిగమింగగలను. వయసొచ్చింది, ఎన్నో దిగమింగేను.

కాలనీ ఆఫీసుకి వెళ్ళేను. కార్యదర్శి లేచి కాళ్ళకి దణ్ణం పెట్టేడు, కుర్చీ వేసేడు, టీ తెప్పించేడు. ఈ మర్యాదలంటేనే నాకు ఇంకా రోత.

"అంకుల్‌జీ, ఆంటీజీ సంగతి విన్నాను. బహుత్ బాధ అనిపించింది. గేటు దగ్గర గార్డుకి చెప్పేను, బయటికి పోనివ్వకు అని."

"ఆవిడ బయటికి పోవడం కాదు నాన్నా, లోపలికి రావడం గురించి నేనొచ్చేను. వెనక గోడ వదిలీ. ముందు తలుపు చుట్టూ జానెడు నీలం వేసుకోనీ. జానెడే."

"ఇవాళ మీకు జానెడు ఇస్తే, రేపు ఇంకొకరు జానెడు గులాబీ అడుగుతారు కదా."

"అడిగితే ఇవ్వు."

వాడు నవ్వేడు. నేను నవ్వలేదని చూసి మానేసేడు. "రూల్ అంటే సబ్‌కే లియే రూల్, అందరికీ ఒకటే, అంకుల్‌జీ. నా చేతిలో లేదు. రాసివ్వండి, కమిటీలో పెడతాను."

వాళ్ళ నాన్న, నేనూ ఒకే నిచ్చెన మీద పనిచేసినవాళ్ళం. ఆయనకి కూడా చదువు రాదు. గ్యాసు వాసన వచ్చిన ఒక రోజు పసుపు గొట్టం చూసి పక్కకి దూకి బతికేడు. బతికేడు కనకే తరవాత పెళ్ళీ, ఈ కొడుకూ. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. టీ తాగకుండా లేచొచ్చేను.

రాసిచ్చేను. మొదటి అర్జీ హిందీలో, రెండోది ఇంగ్లీషులో, డిక్షనరీ పక్కన పెట్టుకుని. మూడోదానికి డాక్టరు చీటీ జత చేసేను. ఆ చీటీలో ఆయన స్పష్టంగా రాసేడు, ఈవిడ ఇంటిని రంగుని బట్టి గుర్తుపడుతుంది, మార్చకండి అని. మూడు అర్జీలకీ అందినట్టు సంతకాలు తీసుకున్నాను. నా కూతురు పక్క కాలనీలోనే ఉంటుంది, రోజు విడిచి రోజు వచ్చి వాళ్ళమ్మకి తల దువ్వి పోతుంది. "నాన్నా, నీకు అర్జీలు రాయడం సరదా," అంది ఒకరోజు. సరదా. మూడో అర్జీ మీద తేదీ తప్పు పడి కాగితమంతా మళ్ళీ మొదట్నించి రాసేను, దాన్ని సరదా అనుకోమంటే అనుకుంటాను.

అర్జీలు రాస్తున్న రోజుల్లోనే ఒక పాత మాట గుర్తొచ్చింది. అదీ ఇక్కడే రాసీస్తాను, లేకపోతే ఈ కాగితం అబద్ధమవుతుంది.

సెక్టర్ రెండులో ఉన్నప్పుడు సాయంత్రాలు నేను పేపరు పైకి చదివేవాణ్ణి. ఆవిడ చాటలో బియ్యం పెట్టుకుని రాళ్ళు ఏరుతూ వినేది. ఒక రోజు చాట పక్కన పెట్టి, "మావా, నాకూ నేర్పవా? అచ్చరాలు ఒద్దు, అంకెలైనా. బస్సు నెంబరు తెలుస్తాది, ఇంటి నెంబరు తెలుస్తాది," అంది. నేను పేపరు దించకుండా, "నేనున్నాను కదా, నీకెందుకు," అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. చాట తీసుకుంది. నీలం చీర ముక్కతోనే సరిపెట్టుకుంది.

నలభై ఏళ్ళు నేనున్నాను. ఇప్పుడూ ఉన్నాను. ఆవిడ నన్నే గుర్తుపట్టడం లేదు. కమిటీ వాళ్ళ మీద నాకున్న అసహ్యంలో కొంత ఎవరికి చెందాలో నాకు తెలుసు. అలాగని వాళ్ళ వాటా తగ్గించను.

నిన్న మధ్యాహ్నం కాపలా అతను కవరు తెచ్చిచ్చేడు. నేను వెనక మెట్టు మీద కూచుని చదివేను. ఆవిడ పక్కనే కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "ఏటి బాబూ రాసేరు?" అని అడిగింది. నేను కవరు మడిచి జేబులో పెట్టుకున్నాను. హిందీలో ఉన్నదాన్ని తెలుగులో పెట్టి, ఒక్క మాట అటూ ఇటూ చెయ్యకుండా కింద రాస్తున్నాను.

"మహాశయా, తమ మూడు అర్జీలనూ కమిటీ సానుభూతితో పరిశీలించింది. రంగుల నియమంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వడం సాధ్యం కాదు. వచ్చే సోమవారం తమ ఇంటి వెనక గోడకూ పక్క గోడలకూ రంగు వేయడం జరుగుతుంది, సహకరించగలరు. ఇల్లు గుర్తుపట్టడం గురించి తాము రాసిన ఇబ్బంది విషయంలో, ప్రతి ఇంటి గేటుకూ స్పష్టమైన పెద్ద అంకెలతో నెంబరు పలక అమర్చి ఉన్నది. దానిని చదువుకుని లోపలికి రావలసిందిగా తమ శ్రీమతి గారికి తెలియజేయగలరు."